గుమాస్తా తాత పెన్సిల్ చుక్క: రాసిందే రాసే పనిని యంత్రానికి అప్పజెప్పిన చరిత్ర

ఇవాళ్టి ఎపిసోడ్‌లో రాజులు ఉండరు, యుద్ధాలు ఉండవు. ఒక బల్ల ఉంటుంది, దాని మీద ఒక లెక్కల పుస్తకం ఉంటుంది, దాని ముందు కూర్చుని నిన్న రాసిందే ఇవాళ మళ్ళీ రాస్తున్న ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి చేతిలోంచి ఆ పనిని యంత్రం ఎలా తీసుకుంది, తీసుకున్న ప్రతిసారీ ఆ మనిషి దగ్గర ఏం మిగిలింది, ఇదే మనం మాట్లాడుకోబోయే చరిత్ర.

ఈ టాపిక్ ఎందుకంటే, నేను ఒక రాత్రి నాలుగు నిమిషాల్లో చేసిన పనికి, మర్నాడు ఒక ఇంటికి వెళ్ళి తలొంచుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు చరిత్ర తెలిస్తేనే నేను చేసిన తప్పు ఎక్కడుందో మీకు అర్థమవుతుంది.

పల్నాడులో మాకు ఒక ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. చిన్న కొట్టే. పత్తి, మిర్చి వేసే రైతులు సీజన్ మొదట్లో సరుకు అప్పుగా తీసుకెళ్తారు, పంట అమ్ముకున్నాక కడతారు. మరి ఎవరు ఎంత తీసుకెళ్ళారో, ఎంత కట్టారో ఎవరో ఒకరు రాయాలి కదా. మా దగ్గర ఆ పని ముప్పై ఏళ్ళకు పైగా ఒక్కాయనే చేశాడు. నేను ఆయన్ని గుమాస్తా తాత అనేవాణ్ణి.

ఆయన పని ఎలా ఉండేదంటే, పొద్దున్నుంచి జరిగిన ప్రతి అమ్మకం చిట్టాలో రాయాలి. చిట్టా అంటే రోజు పుస్తకం. సాయంత్రం కూర్చుని చిట్టాలో ఉన్న ప్రతి పద్దునీ ఆవర్జాలోకి ఎక్కించాలి. ఆవర్జాలో ఒక్కో రైతుకి ఒక్కో పేజీ. అంటే ఒకే అంకెని రెండు చోట్ల రాయడం అన్నమాట. నెలాఖరుకి ప్రతి పేజీనీ కూడి, బాకీల జాబితా ఇంకో కాగితం మీద రాయాలి. అది మూడోసారి. తర్వాత ఆ జాబితా పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. ఈ నెలాఖరు పనికే ఆయనకి మూడు రోజులు పట్టేది.

మీ ఇంట్లో కొట్టు ఉన్నా, మీరు ఏదైనా చిన్న ఆఫీసులో పనిచేస్తున్నా ఈ మూడు రోజులు మీకు తెలిసినవే. పేర్లు మారతాయి అంతే. రాసిందే రాయడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

సరే, ఇప్పుడు ఇంగ్లాండ్ వెళ్దాం. 1780.

జేమ్స్ వాట్ పేరు మీరు స్కూల్లోనే విన్నారు. ఆవిరి యంత్రాన్ని బాగుచేసి పరిశ్రమల రూపం మార్చినవాడు. కానీ ఆయనకి ఇంకో బాధ ఉండేదని పాఠ్యపుస్తకాల్లో పెద్దగా చెప్పరు. ఉత్తరాలు! బర్మింగ్‌హామ్ దగ్గర మాథ్యూ బోల్టన్‌తో కలిసి ఆయన వ్యాపారం. యంత్రాలు పెట్టేదేమో ఎక్కడో దూరంగా కార్న్‌వాల్ గనుల్లో. ఏ గనికి ఏ కొలతలు చెప్పాం, ఏ షరతుకి ఒప్పుకున్నాం, ఇవన్నీ ఉత్తరాల్లోనే. పంపిన ఉత్తరానికి నకలు మన దగ్గర లేకపోతే రేపు గొడవ వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. అందుకని ప్రతి ఉత్తరాన్నీ మళ్ళీ కూర్చుని చేత్తో రాయాలి. గుమాస్తాతో రాయిస్తే ఒక అంకె తప్పుపోవచ్చు, పైగా వ్యాపార రహస్యం ఇంకో కంటపడుతుంది.

వాట్ ఏం చేశాడంటే, తొందరగా ఆరిపోని ఒక సిరా తయారుచేశాడు. దాంతో ఉత్తరం రాసి, దాని మీద తడిపిన పల్చటి కాగితం ఒకటి వేసి, రెండింటినీ కలిపి గట్టిగా నొక్కాడు. సిరా కొంచెం పల్చటి కాగితానికి అంటుకుంటుంది. అక్షరాలు తిరగబడి పడతాయి కదా అంటారేమో. నిజమే, కానీ కాగితం పల్చన కాబట్టి వెనక్కి తిప్పి చూస్తే సరిగ్గానే కనిపిస్తాయి. ఇంతే యంత్రం. 1780లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు, తయారుచేసి అమ్మాడు కూడా. అమెరికాలో థామస్ జెఫర్సన్ లాంటివాళ్ళు వాడారు. ఇలా నొక్కి నకళ్ళు తీసే పద్ధతి తర్వాత వందేళ్ళకు పైగా ఆఫీసుల్లో నడిచింది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ యంత్రం కనిపెట్టింది ఎక్కడో కూర్చున్న పండితుడు కాదు. ఆ పని చేసి చేసి విసిగిపోయినవాడు. ఆయన యంత్రానికి ఏం ఇచ్చాడు? నకలు తీయడం మాత్రమే. ఉత్తరంలో ఏం రాయాలి అన్నది ఇవ్వలేదు. ఆ రెండింటి మధ్య గీత ఆయనకి స్పష్టంగా తెలుసు.

ఇంకో వందేళ్ళు ముందుకొద్దాం. 1879, అమెరికా, ఓహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరు. అక్కడ జేమ్స్ రిట్టీ అనే ఆయనకి ఒక సెలూన్ ఉండేది. మన దగ్గర సెలూన్ అంటే క్షవరం కొట్టు కదా, అక్కడ మందు పోసే కొట్టు. బాగా నడిచే కొట్టే, కానీ సాయంత్రం చూస్తే డబ్బు తక్కువ. కౌంటర్‌లో పనిచేసేవాళ్ళు గల్లాపెట్టెలో వేయాల్సింది జేబులో వేసుకుంటున్నారు. ఎవర్ని పట్టుకోవాలి? ఎలా పట్టుకోవాలి?

రిట్టీ ఓడెక్కి యూరప్ వెళ్తుండగా, ఓడ ప్రొపెల్లర్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే పరికరం ఒకటి కంటపడింది. చుట్లు లెక్కపెట్టే యంత్రం ఉన్నప్పుడు అమ్మకాలు లెక్కపెట్టే యంత్రం ఎందుకు ఉండకూడదు అనుకున్నాడు. తిరిగొచ్చి తన అన్నదమ్ముడు జాన్‌తో కలిసి తయారుచేశాడు. 1879 నవంబరులో పేటెంట్ వచ్చింది. ఆ మొదటి యంత్రానికి డబ్బు వేసే సొరుగు కూడా లేదు. గడియారంలా ఒక ముఖం, రెండు ముళ్ళు. ఒకటి డాలర్లు చూపిస్తుంది, ఇంకోటి సెంట్లు. మీట నొక్కితే ఆ అమ్మకం అందరికీ కనిపిస్తుంది, లోపల మొత్తం కూడుకుంటూ పోతుంది. దాన్ని లంచానికి లొంగని క్యాషియర్ అన్న అర్థం వచ్చే పేరుతో అమ్మారు.

తర్వాత 1884లో జాన్ ప్యాటర్సన్ అనే ఆయన ఆ వ్యాపారం కొని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ పెట్టాడు. ఆయన కూడా అంతకుముందు తన కొట్టులో ఆ యంత్రాన్ని వాడి, నష్టం ఆగడం కళ్ళారా చూసినవాడే. ఇవాళ మీరు సూపర్ మార్కెట్‌లో చూసే బిల్లింగ్ కౌంటర్‌కి తాత ఆ యంత్రమే.

కానీ వాట్ యంత్రానికీ దీనికీ ఒక తేడా ఉంది. వాట్ తన కష్టం తగ్గించుకోవడానికి చేశాడు. రిట్టీ తన పనివాళ్ళని నమ్మలేక చేశాడు. ఒకటి సాయం, ఇంకోటి కాపలా. ఆఫీసు పనిలోకి యంత్రం వచ్చినప్పుడల్లా ఈ రెండూ కలిసే వస్తాయి. ఓనర్ సాయం తెస్తున్నాను అంటాడు, పనిచేసేవాడికి అది కాపలాలా కనిపిస్తుంది. ఎవరి భయం వాళ్ళది, రెండూ అబద్ధం కాదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథకి వస్తున్నాను. ప్రపంచంలో వ్యాపార ఆఫీసు పనిని రోజువారీగా చేసిన మొదటి కంప్యూటర్ ఎవరిది? చాలామంది ఐబీఎం అనుకుంటారు. కాదు. అది ఒక టీ షాపుల కంపెనీది!

లండన్‌లో జె. లయన్స్ అండ్ కంపెనీ అని ఉండేది. 1894లో మొదటి టీ షాపు పెట్టారు. తర్వాత ఊరూరా షాపులు, సొంత బేకరీలు. ఇది మన కొట్టులాంటి చిన్న వ్యాపారం కాదు, చాలా పెద్దది. కానీ అక్కడ జరిగేవన్నీ చిల్లర లావాదేవీలు. ఒక కప్పు టీ, ఒక బన్ను, ఒక కేకు ముక్క. ఒక్కోదాని మీద లాభం చాలా తక్కువ. ఆ కాస్త లాభాన్నీ లెక్కలు రాసే గుమాస్తాల ఖర్చే తినేస్తే ఎలా? అదీ వాళ్ళ సమస్య.

అక్కడ జాన్ సిమన్స్ అని, కేంబ్రిడ్జ్‌లో గణితం చదివి వచ్చిన మేనేజర్ ఉండేవాడు. ఆయన ఆధ్వర్యంలో 1930ల్లోనే ఆఫీసు పనులని పరిశీలించడానికి ఒక ప్రత్యేక విభాగం నడిచింది. వాళ్ళ పనేంటంటే, ఈ కాగితం ఎందుకు రాస్తున్నారు, ఎవరు చదువుతారు, రాయకపోతే ఏమవుతుంది అని అడగడం. గమనించారా? కంప్యూటర్ అనే వస్తువు పుట్టకముందే వాళ్ళు పనిని అర్థం చేసుకోవడం మొదలుపెట్టారు.

1947లో ఆ కంపెనీ నుంచి థాంప్సన్, స్టాండింగ్‌ఫర్డ్ అనే ఇద్దరు అమెరికా వెళ్ళారు. అక్కడి ఆఫీసులు ఎలా నడుస్తున్నాయో చూద్దామని. ఆఫీసుల్లో వాళ్ళకి పెద్ద కొత్తదనం కనిపించలేదు. కానీ యుద్ధకాలంలో తయారైన లెక్కల యంత్రాల గురించి తెలిసింది. ప్రిన్స్‌టన్‌లో గోల్డ్‌స్టైన్ అనే శాస్త్రవేత్తని కలిస్తే, మీ ఇంగ్లాండ్‌లోనే కేంబ్రిడ్జ్‌లో ఒకాయన ఇలాంటిది కడుతున్నాడని ఆయన చెప్పాడు. ఆ ఒకాయన మారిస్ విల్క్స్, ఆ యంత్రం ఎడ్శాక్. లయన్స్ వాళ్ళు ఆ ప్రాజెక్టుకి డబ్బు ఇచ్చి, తమ మనిషినొకర్ని సాయంగా పంపించారు. 1949లో ఎడ్శాక్ పనిచేయగానే, అదే నమూనాలో సొంత యంత్రం కట్టుకోవడం మొదలుపెట్టారు. దాని పేరు లియో. అంటే లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్.

1951 నవంబరులో లియో తన మొదటి వ్యాపార పని చేసింది. ఏం పనో తెలుసా? బేకరీల్లో తయారైన రొట్టెలు, కేకులు వగైరా సరుకు విలువ కట్టడం. తర్వాత జీతాల లెక్క. అనుభవం ఉన్న గుమాస్తాకి ఒక ఉద్యోగి జీతం లెక్క కట్టడానికి ఎనిమిది నిమిషాలు పడితే, లియోకి ఒకటిన్నర సెకను పట్టింది.

వేగం సంగతి అలా ఉంచండి. నాకు నచ్చింది ఇంకోటి. టీ షాపులకి రోజూ సరుకు పంపాలి. ప్రతి షాపు మేనేజరమ్మా రోజూ పెద్ద జాబితా రాసి పంపేది. డేవిడ్ కామినర్ అనే ఆయన బృందం 1954లో దాన్ని ఇలా మార్చింది. ప్రతి షాపుకి సోమవారం మామూలుగా ఎంత కావాలి, మంగళవారం ఎంత కావాలి అన్నది లియో దగ్గర ఉంటుంది. మేనేజరమ్మ రోజూ ఫోన్‌లో మార్పులు మాత్రమే చెప్తుంది. ఇవాళ రొట్టెలు పది ఎక్కువ పంపండి, కేకులు తగ్గించండి, అంతే. మామూలు సంగతి యంత్రం చూసుకుంటుంది, తేడా మాత్రం మనిషి చెప్తుంది.

ఈ వాక్యం పక్కన పెట్టుకోండి. మామూలుది యంత్రానిది, తేడా మనిషిది. మా కొట్టు కథలో ఇదే లోపించింది.

లియో ఒక పెద్ద గదంతా ఆక్రమించే యంత్రం. మన కొట్టుకి రాదు. చిన్న వ్యాపారం బల్ల మీదకి యంత్రం రావాలంటే ఇంకో పాతికేళ్ళు పైనే పట్టింది.

1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి క్లాసులో కూర్చున్నాడు. లెక్కలు చెప్పేటప్పుడు నల్లబల్ల మీద గళ్ళు గీసి అంకెలు రాస్తారు. మధ్యలో ఒక అంకె మారిందనుకోండి, దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్ళీ కట్టాలి. ఒక్క అంకె మారిస్తే మిగతావి వాటంతటవే మారే బల్ల ఉంటే ఎంత బాగుండు అనుకున్నాడు. స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రామ్ రాశాడు. 1979లో యాపిల్ టూ కంప్యూటర్ మీద విసికాల్క్ పేరుతో వచ్చింది. మీ ఫోన్‌లో ఉన్న గూగుల్ షీట్స్, ఆఫీసులో ఉన్న ఎక్సెల్, వీటన్నిటికీ మూలపురుషుడు అదే. ఎక్సెల్ మొదట 1985లో మెకింటాష్ కంప్యూటర్ కోసం వచ్చింది, విండోస్ మీదకి 1987లో వచ్చింది.

మరి మన దేశం? మన దగ్గర కథ మొదట భయంతో మొదలైంది. 1960ల్లో కలకత్తాలో ఎల్ఐసీ కంప్యూటర్ తెస్తుంటే ఉద్యోగులు గట్టిగా అడ్డుకున్నారు. బ్యాంకుల్లో కూడా యూనియన్లతో ఒప్పందం కుదిరాకే, 1983 నుంచి మెల్లగా యంత్రాలు వచ్చాయి. ఆ రోజుల్లో బ్యాంకుల్లో కంప్యూటర్లు ఎలా పెట్టాలో సూచించిన రిజర్వ్ బ్యాంక్ కమిటీకి అధ్యక్షుడు సి. రంగరాజన్. తర్వాత ఆయనే మన ఆంధ్రప్రదేశ్‌కి గవర్నర్‌గా వచ్చారు.

ఆ గుమాస్తాలని ఇప్పుడు చూసి నవ్వడం తేలిక. కంప్యూటర్ వద్దన్నారంట అని జోకులేసుకోవచ్చు. కానీ ఒక్క జీతం మీద ఇల్లు మొత్తం నడిచే రోజులవి. యంత్రం మిగిల్చే టైం ఎవరికి వెళ్తుంది అని వాళ్ళు అడిగారు. అది సరైన ప్రశ్నే. ఇవాళ ఏఐ గురించి మీరు, నేను అడుగుతున్నది కూడా అదే ప్రశ్న కదా.

చిన్న వ్యాపారాలకి దారి చూపింది మాత్రం ఒక తండ్రీకొడుకులు. బెంగళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి. మిల్లులకి, ఫ్యాక్టరీలకి యంత్ర భాగాలు, ముడిసరుకు సరఫరా చేసేవాడు. తన లెక్కలకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఒక్కటీ దొరకలేదు. గణితం చదివిన కొడుకు భరత్ గోయెంకాని, నువ్వే ఒకటి రాయి అన్నాడు. 1986లో మొదలైన ఆ ప్రయాణమే ట్యాలీ. ఖాతాలకి కోడ్ నంబర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా మామూలు పేర్లతోనే పద్దు రాసుకునేలా చేశారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక, కంప్యూటర్ మొహం చూడని కొట్లవాళ్ళు కూడా అటువైపు రావాల్సి వచ్చింది. మేమూ అలా వచ్చినవాళ్ళమే.

చూడండి, వాట్, రిట్టీ, లయన్స్ సిమన్స్, బ్రిక్లిన్, గోయెంకా. అందరూ ఆ పని పక్కనే ఉన్నవాళ్ళు. రాసిందే రాయడం అంటే ఏంటో తెలిసినవాళ్ళు. నేను మాత్రం పని తెలుసుకోకుండా యంత్రం తెచ్చాను.

ఇప్పుడు నా కథ. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న రోజులు. కొట్టులో కంప్యూటర్ ఉంది, బిల్లులు అందులోనే. అయినా తాత ఆవర్జా మానలేదు, నెలాఖరు జాబితా చేత్తోనే. నాకు చిరాకు. ఫోన్‌లో వీడియోలు చూసి రెండు వారాల్లో ఒక షీట్ తయారుచేశాను. కంప్యూటర్‌లోంచి ఖాతాలు అందులోకి వస్తాయి, బాకీలు వాటంతటవే కూడుకుంటాయి, ఒక్కొక్కరి పేరుతో మెసేజ్ తయారవుతుంది. ఆ జాబితాని ఫోన్‌లో ఒక యాప్‌కి ఇస్తే ఎస్సెమ్మెస్‌లు వెళ్ళిపోతాయి.

నెలాఖరు రాత్రి నాన్న ముందు చేసి చూపించాను. నాలుగు నిమిషాల్లో తొంభై ఇళ్ళకి మెసేజ్. మూడు రోజుల పని! నాన్న చాలాసేపు స్క్రీన్ వైపే చూసి, "అయితే ఇక గుమాస్తాతో పనేముందిరా" అన్నాడు. తాత అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆ రాత్రి వెళ్తూ వెళ్తూ తన కళ్ళజోడు పెట్టె, పెన్నులు సంచిలో వేసుకున్నాడు. అవి ఎప్పుడూ బల్ల మీదే ఉండేవి. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు గర్వంగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఇంటర్ చదివే ఒక కుర్రాడు కొట్టుకి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. చేతిలో వాళ్ళ నాన్న ఫోన్. అందులో మా మెసేజ్. మీ బాకీ ఇంత, వెంటనే చెల్లించగలరు అని. ఆయన పోయి తొమ్మిది రోజులైంది. పెద్దకర్మ కూడా కాలేదు. ఆ కుర్రాడు కోపంగా రాలేదండీ. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. జేబులోంచి మడత పెట్టిన ఐదు వేలు తీసి, "ఇప్పటికి ఇవే ఉన్నాయండి" అన్నాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. నాకు మాట రాలేదు. అంతలో తాత వచ్చాడు. ఆ డబ్బు తిరిగి కుర్రాడి జేబులోనే పెట్టి, భుజం మీద చెయ్యి వేసి బయటిదాకా తీసుకెళ్ళి ఏదో మాట్లాడి పంపించాడు. లోపలికి వచ్చి ఆవర్జా తీసి, ఆ ఇంటి పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. పేరు పక్కన చిన్న పెన్సిల్ చుక్క.

"ఏంటి తాతా ఇది?"

"ఈ నెల అడగొద్దని గుర్తు బాబూ."

పేజీలు తిప్పాను. పద్నాలుగు చుక్కలు. ఒకరింట్లో ఆపరేషన్. ఒకరికి విత్తనం మొలవలేదు. ఒకరు కూతురి పెళ్ళి పెట్టుకున్నారు, అది కాగానే కడతానని తాతకి మాటిచ్చారు. పంట అమ్మి డబ్బు రాగానే చుక్క చెరిపేస్తాడట.

"ఇంత ముఖ్యమైంది ఎక్కడా రాయలేదేంటి తాతా?" అన్నాను.

"రాస్తే అందరూ చదువుతారు కదా. వాళ్ళ కష్టం మన కొట్టు గోడ మీద అంటించినట్టు ఉంటుంది. చుక్క అయితే నాకే తెలుసు" అన్నాడు.

నాన్నకి కూడా తెలీదు. ముప్పై ఏళ్ళుగా మా బాకీలు ఎందుకు వసూలవుతున్నాయో, రైతులు పక్క కొట్టుకి ఎందుకు వెళ్ళట్లేదో ఆ పెన్సిల్ చుక్కలో ఉంది. నేను ఆ మూడు రోజుల పనిని రాయడం, కూడడం, ఫోన్ చేయడం అనుకున్నాను. అందులో నాలుగో పని ఒకటి ఉంది. ఎవర్ని వదిలేయాలో తెలుసుకోవడం. అది కాగితం మీద లేదు కాబట్టి నా షీట్‌లోకి రాలేదు.

ఆ సాయంత్రం నాన్న, నేను ఆ ఇంటికి వెళ్ళాం. ఏం మాట్లాడామో చెప్పను. చెప్పడానికి పెద్దగా ఏం లేదు కూడా, చాలాసేపు కూర్చున్నాం అంతే.

తర్వాత షీట్ పీకేయలేదు. అలా చేసి ఉంటే తాత కళ్ళకి మళ్ళీ అదే మూడు రోజుల శిక్ష. ఆ షీట్‌లో ఒక గడి పెంచాను. దాని పేరు "ఆపు". కారణం రాయక్కర్లేదు, ఒక చుక్క పెడితే చాలు. చుక్క ఉన్న పేరుకి మెసేజ్ తయారే కాదు. మిగతావాళ్ళకి కూడా వెంటనే వెళ్ళదు. ముందు జాబితా స్క్రీన్ మీదకి వస్తుంది, తాత చూసి ఊ అంటేనే వెళ్తుంది. లయన్స్ టీ షాపు మేనేజరమ్మ ఫోన్‌లో చెప్పిన మార్పుల్లాంటిదే ఇది. కానీ ఆ కథ నేను ఇదంతా జరిగిన తర్వాతే చదివాను. ముందే చదివి ఉంటే బాగుండేది.

నాన్న తాతకి ఇంకో మాట కూడా చెప్పాడు. "మీ బల్ల మీదే" అని. అంతే. మర్నాడు కళ్ళజోడు పెట్టె మళ్ళీ బల్ల మీదకి వచ్చింది. మిగిలిన ఆ రెండున్నర రోజులు ఆయన ఊరికే కూర్చోలేదు. కంపెనీల నుంచి మాకు రావాల్సిన డిస్కౌంట్లు వచ్చాయో లేదో పాత బిల్లులు తీసి చూశాడు. టైం లేక మేము ఎప్పుడూ చూడని పని అది.

కాబట్టి మీలో ఎవరైనా ఇంట్లో కొట్టుకో, పనిచేసే ఆఫీసుకో ఏదైనా ఆటోమేట్ చేద్దాం అనుకుంటుంటే, చెయ్యండి. భయపడకండి. రాసిందే రాయడంలో గొప్పతనం ఏమీ లేదు. కానీ మూడు పనులు చేసి మొదలుపెట్టండి. ఒకటి, ఆ పని ఇప్పుడు చేస్తున్న మనిషి పక్కన ఒక నెల మొత్తం కూర్చోండి. ఎప్పుడు ఆగుతున్నారో, ఎక్కడ కొంచెం ఆలోచిస్తున్నారో చూడండి. మీ యంత్రం తప్పు చేసేది సరిగ్గా అక్కడే. రెండు, బయటికి వెళ్ళే ప్రతిదానికీ ముందు, అది మెసేజ్ అయినా బిల్లు అయినా, ఒక మనిషి చూసే చోటు ఉంచండి. మొదటి రెండు మూడు నెలలు పాత పద్ధతిని, కొత్త పద్ధతిని పక్కపక్కనే నడపండి, లెక్క కలుస్తుందో లేదో తెలుస్తుంది. మూడు, మిగిలే టైంతో ఆ మనిషి ఏం చేస్తారో ముందే మాట్లాడుకోండి. వాళ్ళ ఎదురుగా, వాళ్ళతోనే. ఈ మూడోది మర్చిపోతే మీరు తెచ్చిన సాయం వాళ్ళకి రిట్టీ కాపలా యంత్రంలాగే కనిపిస్తుంది. అప్పుడు ఏ చుక్క ఎందుకు పెట్టారో మీకు ఎవరూ చెప్పరు.

తాత ఆ తర్వాత ఏడాదిన్నర పనిచేశాడు. చూపు తగ్గాక మానేశాడు. ఇప్పుడు ఊళ్ళోనే కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆ "ఆపు" గడి ఇప్పుడు నేను నింపాలి. ఎవరింట్లో ఏం జరిగిందో తెలియాలంటే కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడాలి, నాలుగు ఊళ్ళు తిరగాలి. ఆయనంత బాగా నాకు తెలియట్లేదు. అందుకే నెలాఖరుకి ముందు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి జాబితా చదివి వినిపిస్తాను. కళ్ళు మూసుకుని వింటాడు. కొన్ని పేర్ల దగ్గర చెయ్యి కొంచెం పైకెత్తుతాడు. నేను అక్కడ చుక్క పెట్టుకుంటాను.

ఇదీ ఇవాళ్టి ఎపిసోడ్. మీ ఇంట్లో, మీ కొట్టులో, మీ ఆఫీసులో ఇలాంటి కాగితం మీద లేని గుర్తు ఏదైనా ఉందా? ఉంటే ఆ పెద్దాయన్నో, పెద్దావిడనో ఇవాళే అడగండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను.